నడిమి గోడ

1959 మే 26, మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు భువనగిరి సాలెవాడలో వెంకటనర్సు తన ఇంట్లో నిలబడి, పడమటి గోడకు కన్నాలు పెట్టి, అందులో ఆనుకుని ఉన్న పొరుగింటి దూలాల కొసలను గడ్డపారతో అవతలికి నెట్టాడు. దూలాలు నాలుగు. మూడోది ఊడినప్పుడు పొరుగింటి కప్పు మీది పెంకులు జారి పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

పొరుగిల్లు చెన్నయ్యది. కొని అప్పటికి మూడు నెలలు.

సాలెవాడలో ఆ వరుసకు పదకొండు ఇళ్లు. ఇంటికీ ఇంటికీ మధ్య సందు లేదు. ఇద్దరికీ ఒకటే మట్టిగోడ. ఇటువాళ్ల దూలాలు ఇటునుంచి, అటువాళ్లవి అటునుంచి దాని మీదనే ఆనుతాయి. ఆ గోడను వాడవాళ్లు నడిమి గోడ అంటారు. పడమటి నుంచి లెక్కపెడితే ఆరో ఇల్లు చెన్నయ్యది, ఏడోది వెంకటనర్సుది.

చెన్నయ్య కురుమ. మోత్కూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి భువనగిరి స్టేషన్లో గూడ్సు మీద హమాలి పని చేస్తున్నాడు. నాలుగేళ్లలో మూడు కిరాయి ఇళ్లు మారాడు. తండ్రి వాటాగా వచ్చిన గొర్రెలను అమ్మి, ఆరో ఇంటిని గండయ్య దగ్గర కొన్నాడు. గండయ్య మగ్గం మానేసి నందికొండలో ఆనకట్ట పనికి పోతున్నాడు. ఈ ఇల్లు పోతే చెన్నయ్య వెనక్కి వెళ్లడానికి ఊళ్లో మంద లేదు.

ఆ ఇంటి మీద వెంకటనర్సుకు ముందునుంచీ కన్ను ఉంది. కొడుకు మగ్గం అక్కడ వేయాలనుకున్నాడు. గండయ్యకు తొందర పెరిగితే ధర తగ్గుతుందని ఆగాడు. గండయ్య ఆగలేదు.

సాలెవాడలో పడుగులకు గంజి పెట్టేది వీధిలోనే. తెల్లవారక ముందే ఈ కొస నుంచి ఆ కొసకు నూలు సాగదీసి గుంజలకు కడతారు. ఇంటికొక్కరు వచ్చి కుంచె పట్టాలి. ఎండ ఎక్కేదాకా పని సాగుతుంది. చెన్నయ్య వచ్చాక పది ఇళ్లనే పిలిచారు. పడుగును మాత్రం ఆరో ఇంటి గడపకు మూరెడు దూరంలో కట్టారు. అంతకు ముందు నడివీధిలో కట్టేవారని ఆ వాడవాళ్లే చెప్పారు. చెన్నయ్య పనికి పోవాలన్నా, అతని భార్య భద్రమ్మ నీళ్లకు పోవాలన్నా నూలు కింద వంగి పోవాలి.

మే రెండో వారంలో ఒక పొద్దున భద్రమ్మ బిందెతో వంగి దాటుతుంటే వెంకటనర్సు భార్య ఆండాళు కుంచె ఆపి చూసింది.

"ఇంకా వంగు. గొర్రెల దొడ్లెకు వంగే పోతరు గద మీరు."

భద్రమ్మ అవతలికి వచ్చి నిలబడింది.

"మేము వంగుతం, లేస్తం అక్కా. మీరు గుంటల దిగి కూసుంటె పొద్దుగూకెదాక లేవరు."

మగ్గం గుంటలో కూర్చుని నేసే పది ఇళ్లవాళ్లూ అక్కడే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే వెంకటనర్సు కులపెద్ద ఐలేశం ఇంటికి పోయాడు. చెన్నయ్య దస్తావేజు మీద సాక్షి సంతకం ఐలేశందే. అందులో ఏం రాసి ఉందో వెంకటనర్సు అడిగాడు. ఐలేశం గుర్తున్నంత వరకు చెప్పాడు. అందులో ఒక మాట దగ్గర వెంకటనర్సు అతన్ని ఆపి, మళ్లీ చెప్పమన్నాడు.

ఆ మాట చెన్నయ్య నోటి నుంచి వచ్చిందే. దస్తావేజు రాసేవాడు హద్దులు అడిగినప్పుడు గండయ్య బస్సు వస్తుందేమోనని బయటికి చూస్తున్నాడు. చెన్నయ్య చెప్పాడు. తూర్పుకు వెంకటనర్సు గోడ, పడమటికి భిక్షం గోడ అన్నాడు. రాసేవాడు అట్లాగే రాశాడు.

చెన్నయ్య పల్లెలో ఇల్లు దేనికది విడిగా ఉంటుంది. నాలుగు గోడలూ ఇంటివాడివే. తన గోడ దాటితే దొడ్డి, దొడ్డి దాటితే పొరుగువాడి గోడ. హద్దు ఏమిటంటే ఆ కనబడే గోడ పేరు చెబుతారు. చెన్నయ్యా అదే చెప్పాడు. నడిమి గోడ అనే మాట అతను అప్పటికి వినలేదు.

మే 17న ఐలేశం ఇంటి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. చెన్నయ్య దస్తావేజు తెచ్చాడు. చదివించారు. దూలాలు తొమ్మిది రోజుల్లో తీసుకోవాలని వెంకటనర్సు గడువు పెట్టాడు. గోడ ఇద్దరిదని వాడకంతా తెలుసు కదా అని చెన్నయ్య అడిగాడు. తెలిసింది వేరు, రాసుకున్నది వేరు అని ఐలేశం చెప్పాడు.

"నీ కాగితమే చెప్తాంది, అది నా గోడ అని," అన్నాడు వెంకటనర్సు. "నా గోడల నీ దూలాలకేం పని? ఇల్లు నిలవడదనుకుంటె అమ్ముకో. నేనే తీసుకుంట."

చెన్నయ్య దస్తావేజు మడిచి తలపాగాలో పెట్టుకుని లేచాడు.

పడమటి పొరుగువాడు భిక్షం దగ్గరికి కూడా వెంకటనర్సు పోయాడు. నువ్వూ దూలాలు తీయమను, రెండు దిక్కులా గోడ లేకపోతే వారంలో పోతాడు అన్నాడు. భిక్షం ఒప్పుకోలేదు. చెన్నయ్య మీద దయ ఏమీ లేదని, గోడ కదిలిస్తే తన కప్పు కూడా కదులుతుందని చెప్పాడు. వెంకటనర్సు, భిక్షం గడువు లోపలా, తర్వాతా మాట్లాడుకోలేదు.

గడువు తీరిన పొద్దున జరిగింది మొదట చెప్పిందే.

చెన్నయ్య పోలీసుల దగ్గరికి పోలేదు. నాలుగు రోజులు పని మానేశాడు. గుట్ట కింద రాళ్లు కొట్టేవాళ్ల దగ్గర నుంచి స్తంభాలుగా పాతే రాతి కడీలు, బండలు రెండు బండ్ల మీద తెప్పించాడు. వెంకటనర్సు గోడకు జానెడు ఇవతల కడీలు పాతి, దూలాలు ఆ మేరకు కోయించి వాటి మీద ఎక్కించాడు. కడీల మధ్య బండలు నిలబెట్టాడు. పెంకులు బండల దాకా కప్పి ఆపేశాడు. మృగశిర కార్తె వచ్చేసరికి పని అయిపోయింది. ఇల్లు జానెడు చిన్నదైంది.

నడిమి గోడ మీద వెంకటనర్సు పెంకులు సగం వరకే ఉన్నాయి. మిగతా సగం ఎప్పుడూ ఆరో ఇంటి కప్పు కిందే ఉండేది. ఇప్పుడు దాని మీద ఏమీ లేదు.

జూలై మొదటి వారంలో వానలు పట్టాయి. జానెడు సందులో నీళ్లు నిలిచాయి. పదిహేను రోజులకు వెంకటనర్సు ఇంట్లో గోడ అడుగు చెమ్మగిల్లింది. మగ్గం గుంటలోకి నీళ్లు ఊరాయి. అతను సందులోకి దిగి పూడ్చుదామని చూశాడు. మనిషి పట్టలేదు. జూలై 22న చెన్నయ్య గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"చెన్నయ్యా, నడుమ నీళ్లు నిలుస్తున్నయ్. నీ కప్పు జర ఇటు జరుపు."

"ఏ గోడ మీదికి?"

వెంకటనర్సు సందు వైపు చెయ్యి చూపాడు.

"నడిమి గోడ మీదికి."

"నాకు నడిమి గోడ లేదు నర్సన్నా. కాగితంల లేదు. నువ్వే సదివిచ్చినవు."

లోపలి నుంచి భద్రమ్మ మాట వినిపించింది. "గడ్డపార తెచ్చుకున్నడా, ఇంటికాడ మర్చిండా, అడుగు."

వెంకటనర్సు వెళ్లిపోయాడు. ఐలేశం మరునాడు వచ్చి, గోడ ఇద్దరిదీ అని కొత్త కాగితం రాసుకుందామన్నాడు. చెన్నయ్య వేలిముద్ర వేయనన్నాడు.

జూలై 30, గురువారం ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో గోడ పడింది. తూర్పు వైపుకే పడింది. మగ్గం విరిగింది. దాని పక్కన నూలు కండెలు చుడుతున్న ఆండాళు కుడి కాలు విరిగింది. అప్పటికి వెంకటనర్సు బజారులో ఉన్నాడు, చెన్నయ్య స్టేషన్లో ఉన్నాడు. ఆండాళు అరుస్తుంటే భద్రమ్మ తలుపు తీయలేదని వాడవాళ్లు అంటారు. తాను బావి దగ్గర ఉన్నానని భద్రమ్మ అంటుంది. మట్టి తీసి ఆండాళును దవాఖానకు మోసుకుపోయింది భిక్షం, అతని తమ్ముడు.

చెన్నయ్య కడీలు కదల్లేదు.

దసరా తర్వాత వెంకటనర్సు కొత్త గోడ పెట్టుకున్నాడు. పాత పునాది మీద పెట్టలేదు. మూరెడు లోపలికి జరిగి, పూర్తిగా తన జాగాలో పెట్టాడు. వాళ్ల రెండిళ్ల మధ్య సందులో ఇప్పుడు మనిషి పక్కకు తిరిగి నడవగలడు.

1960 చివర జనాభా లెక్కల కోసం ఇళ్లకు నంబర్లు వేయడానికి వచ్చిన గుమాస్తా ఆ సందు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, తన పుస్తకంలో రెండు వరుసలు రాసుకున్నాడు. మొదటి దానిలో ఆరు ఇళ్లు, రెండో దానిలో ఐదు.