పారిపోయే ముందు ప్రార్థన

పోలీసులు వీధి తలుపు బాదుతున్నారు. తల్లీకూతుళ్ళు తింటున్న అన్నం వదిలేసి, సంచి భుజాన వేసుకుని, పెరటి గుమ్మంలోంచి పారిపోవాలి. సీనంతా కలిపి అంతే. అయినా పుష్పకుమారి అయిదోసారి కూడా గుమ్మం దగ్గర ఠక్కున ఆగి, కళ్ళు మూసుకుని తల వంచేసింది.

"కట్!" అని నెత్తి పట్టుకున్నాడు డైరెక్టర్ జయంత్.

పెందుర్తిలో ఒక అద్దె ఇంట్లో జరుగుతోంది ఈ భాగోతం. టీవీలో వేసే థ్రిల్లర్ సినిమా. చెయ్యని హత్యానేరం మీద పడి ఊళ్ళు పట్టి పారిపోయే తల్లీకూతుళ్ళ కథ. కూతురి వేషానికి గ్రేసీని ఎంచుకున్నారు. తల్లి వేషం వెయ్యాల్సినావిడ ఆఖరి నిమిషంలో రానంది. గ్రేసీకి తోడొచ్చిన వాళ్ళమ్మ పుష్పకుమారిని చూసి, ఇద్దరి ముక్కూ ఒకే అచ్చని మురిసిపోయి, ఆ వేషం ఆవిడకే కట్టబెట్టాడు జయంత్. మద్దిలపాలెంలో జాకెట్లు కుట్టుకునే మనిషికి కెమెరా అంటే బెదురే లేదు. ఆ మాటకొస్తే దేనికీ లేదు. పోలీసులొచ్చినా చుట్టాలొచ్చినట్టే పెడుతోంది మొహం.

"అమ్మా, ఏటమ్మా ఇది? పోలీసులు తలుపులు ఇరగ్గొడతంటే కళ్ళు మూసుకుంటావేటి?" గ్రేసీకి ఏడుపొక్కటే తక్కువ.

"ప్రయాణం కదే! ప్రార్థన సేసుకోకపోతే నా కాళ్ళు ఆడవు. నాను కావాలని సేత్తన్నానేటి?"

అబద్ధం కాదు. ఎక్కడికి బయల్దేరినా గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసుకోవడం వాళ్ళింటి పద్ధతి. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి మర్చిపోయింది పుష్పకుమారి. ఆ రోజే అనకాపల్లి దగ్గర బస్సు టైరు పేలింది. ఎవరికీ గోరైనా ఊడలేదు గానీ, ఆ చప్పుడు ఆవిడ చెవుల్లో ఇప్పటికీ ఉంది.

"పోనీ, యాక్షన్ అనకముందే చేసేసుకోండమ్మా," అన్నాడు జయంత్.

"ప్రార్థన అయ్యాక మల్లీ కూకోకూడదు బాబూ, ఎంటనే కదిలిపోవాల. మీ సీన్లో మమ్మల్ని అన్నానికి కూకోబెడతన్నారు కదా!"

వీధి తలుపు అవతల ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉన్న చలమయ్య వాచిన చేతివేళ్ళు ఊదుకుంటూ, మోకాళ్ళ నొప్పులని లోపలికి వినపడేలా గొణుక్కుంటూ మెట్టు మీద కూలబడ్డాడు.

జయంత్ గడియారం చూశాడు. "నాలుగింటికి ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఈసారి కూడా రాకపోతే సీతమ్మధారలో ఇంకో తల్లీకూతుళ్ళున్నారు, రేపట్నుంచి వాళ్ళతో తీసుకుంటాను. ఏమీ అనుకోకండి."

గ్రేసీ వెళ్ళి కంచం ముందు కూర్చుని చల్లారిన అన్నం కెలకడం మొదలెట్టింది. మూడేళ్ళుగా ఆడిషన్లకి తిరిగి తిరిగి చెప్పులరగదీసుకున్న పిల్ల. దొరక్క దొరక్క దొరికిన మొదటి వేషం.

"కానీండి బాబూ," అంది పుష్పకుమారి, కూతురి పక్కన కూర్చుంటూ. "ఈపాలి ఆగను."

తలుపు మోగింది. ఇద్దరూ లేచారు. సంచి, పెరడు, గుమ్మం. అలవాటుగా వాలిపోతున్న రెప్పల్ని బలవంతాన తెరిచి ఉంచింది పుష్పకుమారి. తానొక్కతే అయితే ఏదో ఒకటి. పక్కన పిల్ల ఉంది. ప్రార్థన లేకుండా పిల్లని గడప దాటిస్తోంది. దీనికేమన్నా అయితే? పెదవులు వణికాయి. ఒళ్ళంతా చెమట పట్టింది. గ్రేసీ చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుని ఒక్క ఉదుటున గడప దాటేసింది.

"ఓకే!" జయంత్ గంతేసినంత పని చేశాడు. "అదీ భయమంటే!"

వెనక చప్పట్లు వినపడుతూనే ఉన్నాయి, పుష్పకుమారి మాత్రం ఆగలేదు. పెరటి గేటు దాటి, జనరేటర్ వ్యాను పక్కకి వెళ్ళేదాకా కూతురి చెయ్యి వదల్లేదు.

"అమ్మా, అయిపోయిందే! సార్ ఓకే అనీసారు!"

"నీకయింది. నాకింకా అవలేదు. కళ్ళు మూసుకో." పుష్పకుమారి తల వంచింది. "ప్రభువా, నీకు సెప్పకుండా గడప దాటీసాం. తప్పయితే నన్నడుగు, పిల్లనడక్కు. మాది అబద్ధం పారిపోవడమని నీకు తెలుసు. ఆ పోలీసు బాబుకి మోకాళ్ళ నొప్పులంట, తగ్గించు. సీతమ్మధార తల్లీకూతుళ్ళకి ఇంకేదైనా మంచి వేషం సూపించు. ఆమెన్."

నవ్వు ఆపుకుంటూ కళ్ళు మూసుకున్న గ్రేసీ, ఆమెన్ అనేసరికి తల్లి చేతిని తనే గట్టిగా పట్టుకుంది.

"ఆమెన్," అంది వెనకాల ఓ బొంగురు గొంతు. చూస్తే చలమయ్య, టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు. అతని పక్కన జయంత్.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను," అన్నాడు జయంత్. "ఇకనుంచి కూడా సీను అయ్యాకే ప్రార్థన చేసుకోండి. ఆ భయం నాకు కావాలి."

"ఇంకా ఎన్నిసార్లు పారిపోవాల బాబూ?"

"పద్నాలుగు సార్లు."

పుష్పకుమారి గుండె మీద చెయ్యి వేసుకుంది. కూతురి మొహం చూసింది. అది వెలిగిపోతోంది. ఇంక చెప్పేదేముంది?

"అయితే బాబూ, ప్రతిసారీ మీరందరూ కూడా నా ఎనకాల రావాల. పద్నాలుగు భయాలకి నా ఒక్కదాని ఆమెన్ సాలదు."