సమయం అందని గడియారం

షెన్‌జెన్ విడిభాగాల బజారులో నాలుగో అంతస్తు కొట్లు తొమ్మిదింటికి తెరుస్తారు. టిఫినుకు తెచ్చుకున్న బియ్యప్పిండి చుట్టల పొట్లం పక్కన పెట్టుకుని, షూలాన్ చిన్న చిన్న సర్క్యూట్ బోర్డులకు గడియారం ప్రోగ్రాము ఎక్కిస్తుంది. బోర్డు వైఫై పట్టుకుని, నెట్‌లో సమయం అడిగి, అంకెలు సరిచేసుకోవాలి. సమయం అందేదాకా అది 1970 జనవరి ఒకటి, ఉదయం ఎనిమిది గంటల నుంచే లెక్కపెట్టుకుంటూ పోతుంది. దాని ముందు కూర్చున్నవాళ్ళూ అంతసేపూ ఆ తేదీన ఎలా ఉండేవాళ్ళో అలాగే ఉంటారు. ఎదురుకొట్టు తాత మోకాళ్ళు నొప్పెట్టినప్పుడు వచ్చి, కాసేపు ఇరవయ్యేళ్ళ మోకాళ్ళతో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్ళు మాత్రం దూరం నుంచే చీపురుకర్రతో స్విచ్చి వేస్తారు.

యజమాని కువాంగ్‌కు ఇలాంటి జాగ్రత్తలంటే చులకన. చదివింది రెండు కరపత్రాలు, చెప్పేది లోకానికంతటికీ పాఠం.

"సార్, సమయం అందిందో లేదో చూసుకున్నాకే అంకెలు వెలిగేలా ప్రోగ్రాములో రెండు లైన్లు రాస్తాను. అందేదాకా తెర ఖాళీగా ఉంటుంది," అంది షూలాన్.

"ఖాళీ తెర ఎవడు కొంటాడమ్మా? నా గడియారం ఎవరికోసమూ ఆగదు. ఇవాళ తావ్ మేడమ్ ముందు ఇది తప్పు చూపిస్తే, రేపు నువ్వు రానక్కర్లేదు."

కొట్టు వెనక గదిలోనే షూలాన్ బస. ఉద్యోగం పోతే గదీ పోతుంది. ఆ రెండు లైన్లు లేకుండానే బోర్డు బిగించింది.

తావ్ మేడమ్ నలభై బడులకు గడియారాలు కొనే మనిషి. ఈ గడియారాల గుణం తెలిసినది కనుక గుమ్మం దగ్గరే ఆగింది. కువాంగ్ ఆమె పిరికితనానికి నవ్వి, కుర్చీ గడియారం ముందుకు లాక్కుని కూర్చుని, స్విచ్చి నొక్కాడు.

పనివాళ్ళు సినిమాలు చూస్తున్నారని ఆ పొద్దున్నే వైఫై పాస్‌వర్డు మార్చేశాడు మహానుభావుడు. ఎవరికీ చెప్పలేదు. బోర్డులో పాతదే ఉంది. అంకెలు 1970 దగ్గరే వెలిగాయి. కువాంగ్ పుట్టింది 1979లో. కుర్చీలో కోటు మిగిలింది.

"అయ్యో," అంది తావ్ మేడమ్, బాధేమీ లేని గొంతుతో. "నీకైనా చేతనవుతుందా అమ్మాయ్?"

షూలాన్ ఇంకో బోర్డు తీసి, తన ఫోన్ నెట్‌కు కలిపి, తను అడిగిన రెండు లైన్లూ చేర్చింది. తెర కాసేపు ఖాళీగా ఉండి, సరైన సమయం చూపించింది. అప్పుడు తావ్ మేడమ్ లోపలికి వచ్చింది.

"ఇదీ గడియారమంటే. అన్ని బడులకూ ఇవే పంపు. ఇకమీదట నీతోనే మాట్లాడతాను."

వెళ్ళబోతూ కుర్చీ వైపు చూసింది. "ఆ కొత్త పాస్‌వర్డు ఏమై ఉంటుంది?"

"ఆయన పుట్టినరోజే. లోకంలో ఇంకో గొప్ప రోజు ఆయనకు తెలిస్తేగా!"

"మరి అది కొట్టి చూడవా?"

షూలాన్ వెనక నుంచి ఆ గడియారం కరెంటు తీగ ఊడకుండా గట్టిగా నొక్కి, కోటును చీపురుకర్రతో లాగి మడత పెట్టింది.

"తొందరేముంది మేడమ్? తొమ్మిదేళ్ళు ఆగితే ఎలాగూ పుడతాడు."