గంట ఆగని నీళ్లు

మూడోసారి దవాఖాన మెట్లెక్కేసరికి జానయ్య చేతిలోని కాగితం చెమటకు మెత్తబడింది. బ్లీచింగ్ పొడి పీపాలు పంచాయతీ సమితి గోదాములో ఉన్నాయి. మర్రిగూడకు గత్తర, అదే కలరా, సోకిందని డాక్టరు రాసిస్తేనే తాళం తీస్తామని సమితివాళ్లు. ముందు పొడి బావిలో పడాలి, రాతలు తరువాత అని డాక్టరు. తాలూకా కచేరీలో పదేళ్లు, సమితిలో రెండేళ్లు చప్రాసిగా ఉన్న జానయ్య ఏనాడూ ఎవరికీ ఎదురుచెప్పలేదు.

"సారూ, గా ఊళ్లె నా బిడ్డ ఉన్నది. నిన్న ఇద్దరు పోయిన్రు. జర దస్కత్ జెయ్యున్రి."

డాక్టరు సంతకం చేశాడు. "పొడి వేశాక గంటదాకా ఎవరూ ఆ నీళ్లు తాగొద్దు. అప్పటిదాకా పురుగు చావదు."

గోదాము తీయించి, పొడి సంచిని సైకిలుకు కట్టుకొని మర్రిగూడ బాట పట్టాడు. దారిలో వేపపూత వాసనకు, అంత ఎండలోనూ, కాలు కిందపెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు. మనవడికి రెండు పళ్లు వచ్చాయట. ఒక్కడే నవ్వుకున్నాడు.

ఊళ్లో కుక్క కూడా మొరగలేదు. బావి దగ్గర గొల్లల పెద్ద మల్లప్ప కర్ర అడ్డం పెట్టాడు.

"ఏంది బావా, బిడ్డను జూడవస్తివా, మమ్ముల సంపవస్తివా?"

"మందు బావా. గత్తర పురుగును సంపుతది."

"పురుగును సంపేది మనిషిని సంపదా? సమితోళ్ల మాట సమితిల, దవాఖానోళ్ల మాట దవాఖానల. బావికాడ మా మాట. మందు పొయ్యి. పోసి, ముందుగాల నువ్వే తాగు. ఇప్పుడే."

"గంట ఆగాలె."

"ఆగేదుంటే తీస్కపో."

కడవలతో నిలబడ్డ ఆడవాళ్లలో అతని బిడ్డ పుష్పమ్మ ఉంది, చంకలో పిల్లవాడితో. సంచి తిరిగిపోతే ఆ కడవలు ఈ నీళ్లతోనే నిండుతాయి. జానయ్య పొడి కలిపి బావిలో పోశాడు. మల్లప్ప తోడి ఇచ్చిన చెంబెడు నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగాడు.

"సల్లగున్నయ్ బావా," అని మూతి తుడుచుకున్నాడు. "నీ మాట నేనిన్న. నా మాట గిదొక్కటి ఇను. వీళ్లను గంట ఆపు."

మల్లప్ప కర్ర అటు తిప్పి, ఆడవాళ్లను వెనక్కి పంపాడు.

మూడోనాడు జానయ్య ఆఫీసుకు రాలేదు. మధ్యాహ్నానికి దవాఖాన మంచం మీద గత్తరతో అతని కళ్లు లోపలికి పోయాయి. దీపాలు పెట్టేవేళకు పోయాడు. ఊళ్లో ఆ తరువాత ఎవరూ మంచం పట్టలేదు.

అతను తాగిన ఇత్తడి చెంబును బావిగట్టు మీద నుంచి మల్లప్ప ఎవరినీ తీయనివ్వలేదు. అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లు ఎండిపోయి, పొడి తెల్లటి చారగా నిలిచింది.