తొమ్మిది ఆడగుర్రాలిచ్చి కొన్న కారు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అరవై మూడో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఎక్కడైనా మాట తడబడితే అది కోపం వల్లే అనుకోండి.

ఈమధ్య మినీబస్సుల స్టాండులో, పెళ్ళి భోజనాల దగ్గర మగవాళ్ళు ఒకటే చర్చ. పాత కాలపు కారు కొని దాచుకుంటే లాభమా, నష్టమా అని. నేను నోరు తెరిస్తే నవ్వి తల తిప్పుకుంటారు. ముసలిదానికి పెట్టుబడి గురించి ఏం తెలుసని. నాకు తెలుసు. మా ఇంట్లో కొన్నారు.

నారీన్ పట్నానికి పైన, కొండల్లో ఉన్న మా ఊళ్ళో నా భర్త అసనాలీ అక్టోబరులో పోయాడు. తొమ్మిది ఆడగుర్రాలు వదిలిపోయాడు, అన్నిటి కుడి తొడ మీదా మా ఇంటి నెలవంక ముద్ర. ఏటా ఆరో ఏడో ఈనేవి. వేసవి మూడు నెలలూ కొండమీద పచ్చికలో రోజుకు ఐదుసార్లు పాలు పితికి, పులియబెట్టి, రోడ్డు పక్కన కుమిస్ అమ్మేదాన్ని. మా పిండి, బొగ్గు, చెప్పులు అన్నీ ఆ పాలలోంచే వచ్చేవి.

వాటిలో నల్లది ఒకటి ఉంది. మంచం పట్టాక అసనాలీ కిటికీలోంచి దాన్నే చూపించి, "నా సంవత్సరీకానికి ఇదే," అన్నాడు. ఆయన పోయిన మర్నాడు నేను దాని జూలు కత్తిరించాను. ఆ తర్వాత దాని వీపు మీద ఎవరూ ఎక్కకూడదు. ఏడాది తిరిగాక దాన్ని కోసి ఊరంతటికీ పెట్టాలి. ఆ భోజనం సరిగా జరిగేదాకా పోయినవాడు ఇంట్లో నుంచి పూర్తిగా వెళ్ళినట్టు కాదు. మా దగ్గర అది చిన్న మాట కాదు.

నా కొడుకు తాలాయ్ నారీన్‌కీ బిష్కెక్‌కీ మధ్య మినీబస్సు నడుపుతాడు. నగరంలో మార్లెన్ అని పాత కార్లు అమ్మేవాడొకడు తగిలాడు. అరవై రెండులో తయారైన వోల్గా, లేత నీలం, ముక్కు మీద మెరిసే దుప్పి బొమ్మ. తాలాయ్ దాని ఫోటో తెచ్చి నా ముందు పెట్టాడు.

"అమ్మా, గుర్రమంటే ఖర్చే. గడ్డి, మందు, కాపలా. తోడేలు తినొచ్చు, దొంగ తోలుకుపోవచ్చు. దీన్ని తోడేలు తింటుందా?"

"తినదు. మరి ఈనుతుందా?"

"ధర పెరుగుతుంది. ఏటికేడాది. మార్లెన్ అన్న లెక్కలన్నీ చూపించాడు."

"మార్లెన్ దగ్గర ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయి?"

"నాలుగు."

"అంత పెరిగేదాన్ని నీకెందుకు అమ్ముతున్నాడు మరి? మన మీద జాలా?"

"నీకు చెప్పి ఏం లాభం. కాగితం చూపిస్తే చదవను కూడా చదవలేవు."

అది నిజమే. బడి పుస్తకంలో మాత్రం నేను ఎనిమిది తరగతులు పూర్తిచేసిన పిల్లని. బడి బయట ఒక్క పిల్ల కూడా లేదని పైకి లెక్క పంపాలి కనుక ఎనిమిదేళ్ళూ నా పేరు ఎదురుగా హాజరు వేశారు. ఆ ఎనిమిదేళ్ళూ నేను కొండమీద ప్రభుత్వం గొర్రెలు కాశాను.

నవంబరులో తాలాయ్ ఒక కాగితం తెచ్చాడు. గుర్రాలకి టీకాలట. వేలిముద్ర వేశాను. ఆదివారం, పశువుల సంత రోజు, తెల్లారి దొడ్లోకి వెళితే పేడ ఇంకా ఆవిరి కక్కుతోంది, గుర్రాలు లేవు. నేను పరిగెత్తలేదు, అరవలేదు. సంత అయిపోయే వేళ దాకా ఆ దొడ్లోనే నిలబడ్డాను. సాయంత్రం వాడు దిగాడు.

"నల్లదాన్ని కూడానా?" అన్నాను.

"సంవత్సరీకం నాటికి దీని ధర రెట్టింపవుతుందమ్మా. నాన్న పేరున రెండు కోస్తాను."

"మీ నాన్న రెండడగలేదు. ఒకదాన్ని చూపించి అడిగాడు."

కోడలు టీ గిన్నె చేతిలో పట్టుకుని గోడవైపు తిరిగింది.

తర్వాతి వారం కారొచ్చింది. కొత్త వస్తువు ఇంటికొస్తే ఊరు చూడ్డానికి వస్తుంది, చూసినందుకు ఏదో ఒకటి చేతిలో పెట్టిపోతుంది. పెట్టింది జేబు రుమాళ్ళు. తిన్నది ఏడు రోజుల రొట్టె, వెన్న, ఒక పొట్టేలు. అందరూ దుప్పి ముక్కు నిమిరారు. నా భర్తకి వరసకు అన్న, కోజుబెక్ పెద్దాయన, చుట్టూ తిరిగి చూసి, "బాగుంది. పాలు ఎటువైపు నుంచి పితుకుతారు?" అన్నాడు. ఆ చలికాలమంతా అందరూ నవ్విన నవ్వు అదొక్కటే.

దానికి కొట్టం కట్టించాడు. గుర్రాలకి కోసిన గడ్డి అమ్మి ఇటుకలు కొన్నాడు. చలి ముదిరాక బ్యాటరీ గడ్డకడుతుందని రోజూ ఊడదీసి ఇంట్లోకి తెచ్చి పొయ్యి పక్కన పెట్టేవాడు. మార్చిలో ఒక గొర్రె కవలల్ని ఈనింది. వణుకుతున్న పిల్లల్ని పొయ్యి దగ్గరికి తెస్తే అక్కడ బ్యాటరీ ఉంది, అసనాలీ కోటు కప్పుకుని.

"తీసెయ్," అన్నాను.

"అమ్మా, దాని ఖరీదు తెలుసా నీకు?"

"ఈ కోటు ఎవరిదో తెలుసా నీకు?"

బ్యాటరీని ఎత్తి గుమ్మం బయట పెట్టాను.

దాన్ని నడిపాడా అంటే అదీ లేదు. నడిపితే ధర పడిపోతుందట. కూర్చోవడానికి లేదు, మోయదు, దున్నదు. ఏడాదికొకసారి పన్ను మాత్రం కట్టించుకుంటుంది. దున్నని ఎద్దునీ పాలివ్వని ఆవునీ కూడా చివరికి కోసుకు తినొచ్చు.

ఆ చలికాలమే నేను సయ్రా ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆమె పొరుగింటి పంతులమ్మ, పని మానేసి పదేళ్ళయింది. "ఇప్పుడెందుకు బుర్మాకాన్, ప్రభుత్వంలో ఉద్యోగం చూసుకుంటావా?" అంది. పశువుల డాక్టరు దగ్గర అడిగి తెచ్చుకున్న ఆ టీకాల కాగితం నకలు ఆమె ముందు పెట్టి, "ముందు ఇది చదవడం నేర్పు," అన్నాను. ఫిబ్రవరి అంతా ఆ ఒక్క కాగితమే చదివాను. అందులో టీకా అన్న మాట లేదు. 'స్వయంగా, ఇష్టపూర్వకంగా అమ్ముతున్నాను' అన్న మాటలున్నాయి. కింద నా బొటనవేలు.

మే నెలలో మార్లెన్ వచ్చాడు. తాలాయే పిలిచాడు, అప్పటికే చేతిలో చిల్లర లేక. మార్లెన్ మూత ఎత్తాడు, టార్చి వేసి చూశాడు, నాలుక చప్పరించాడు.

"ఇంజను దీనిది కాదు తమ్ముడూ. ఎవడో వేరే బండిది తెచ్చి పెట్టాడు. రంగు కూడా రెండోసారి వేసిందే."

"నువ్వే కదన్నా అమ్మావు."

"నేను అందంగా ఉందని చెప్పాను. అందంగానే ఉంది కదా."

ఆరు లక్షల ముప్పై వేల సోములకి అమ్మినదానికి రెండున్నర లక్షలు ఇస్తానన్నాడు. పైగా, "ఓపికుంటే ఇంకో మూడేళ్ళు ఉంచుకో, పెరుగుతుంది," అని నా చేతి టీ తాగి వెళ్ళిపోయాడు. నా కొడుకు ఆ సాయంత్రం కూడా గుడ్డపెట్టి దుప్పిని తుడిచాడు.

జూన్‌లో ఊరు మందలతో కొండెక్కింది. నలభై ఏళ్ళలో మొదటిసారి నేను కింద ఉండిపోయాను. పితకడానికేముంది. కోజుబెక్ పెద్దాయన గుర్రం ఆపి తాలాయ్‌ని అడిగాడు.

"అక్టోబరులో మీ నాన్నకి ఏం పెడుతున్నావురా?"

"కారు అమ్ముడవగానే పెదనాన్నా."

"అవకపోతే? గుర్రంలో ఎవరికి ఏ ఎముక పెట్టాలో నాకు తెలుసు. కారులో తెలీదు. నాకు తలుపు పెడతావా, చక్రం పెడతావా? నీకు పిల్లనిచ్చిన మామకి ఆ దుప్పి పెట్టు, మొహమైనా ఉంది దానికి."

తాలాయ్ తల దించుకున్నాడు కానీ అమ్ముతాననలేదు. ఆ రాత్రే నేను నా మొదటి ఉత్తరం రాశాను. ఫోను కొడుకు జేబులో ఉంటుంది. ఉత్తరం కోచ్కోర్ వెళ్ళే డ్రైవరు చేతికిచ్చాను, నా కూతురి కొడుకు బెక్తుర్ పేరున. మూడు వాక్యాలే. 'తాతయ్య సంవత్సరీకం అక్టోబరులో. గుర్రం లేదు. మీ మామయ్య ఇంట్లో ఇప్పుడు ఒక్కటే వస్తువుంది, అందరూ ఉన్నప్పుడు వచ్చి చూడు.'

మాలో ఒక సామెత ఉంది. మేనల్లుడు రావడం కన్నా ఏడు తోడేళ్ళు రావడం మేలని. తల్లి పుట్టింట్లో మేనల్లుడు ఏదైనా చూపించి అడిగితే మామ కాదనకూడదు. మంద ఉన్నవాడికి అది పెద్ద దెబ్బ కాదు. ఒక గుర్రప్పిల్లని తోలుకుపోతాడు, మంద అలాగే ఉంటుంది. అందుకే మా పెద్దవాళ్ళు ఉన్నదంతా ఎప్పుడూ ఒకే వస్తువులో పెట్టలేదు. మార్లెన్ లెక్కలో మేనల్లుడు లేడు, నగరంలో పుట్టినవాడు, పోనీ అనుకుందాం. నా పొట్టన పుట్టినవాడు ఎట్లా మరిచిపోయాడు?

ఆగస్టు చివర, పొరుగువాళ్ళ పిల్లాడి వేడుకకని పెద్దలందరూ మా వీధిలోనే ఉన్నప్పుడు బెక్తుర్ దిగాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, మెతకమనిషి. నాకు దండం పెట్టి, టీ తాగి, కొట్టం తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మామయ్యా, నేను పెద్దయ్యాక మీ ఇంట్లో ఏమీ అడగలేదు కదా."

తాలాయ్ మొహం అప్పుడే పాలిపోయింది. "అడుగు నాన్నా. పొట్టేలు తీసుకో. రెండు తీసుకో."

"ఇది కావాలి."

"ఇది... ఇది వస్తువు కాదురా, పెట్టుబడి. ఇంకేదైనా అడుగు."

"ఇంకేముంది మామయ్యా?"

కోజుబెక్ పెద్దాయన గడ్డం నిమురుకుంటూ, "మేనల్లుణ్ణి ఖాళీ చేతులతో పంపిన ఇల్లు ఈ లోయలో ఇంతవరకు లేదు తాలాయ్. నీతో మొదలుపెడతావా?" అన్నాడు.

తాళంచెవి చేతులు మారింది. కారు మాత్రం కదల్లేదు. చివరికి ఊరి మగవాళ్ళు పదిమంది కలిసి రోడ్డు దాకా నెట్టారు. తాలాయ్ కూడా నెట్టాడు. అందరూ వెళ్ళాక నా వైపు తిరిగాడు.

"నువ్వే కదా రాసింది."

"నేనే. చదవలేవన్నావు. రాయలేవని అనలేదు."

బెక్తుర్ దాన్ని బాలిక్చీలో ఒక పెళ్ళిళ్ళ హాలు యజమానికిచ్చాడు. పెళ్ళికూతుళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటారట. బదులుగా మూడు ఆడగుర్రాలు తెచ్చాడు. సంవత్సరీకం నాడు ఒక ఎర్రదాన్ని తోలుకొచ్చి మా గుమ్మం ముందు కట్టాడు. అందరికీ అందాల్సిన ఎముక అందింది, ప్రార్థన జరిగింది. అసనాలీ వెళ్ళాడు. కానీ ఆయన చూపించిన నల్లది కాదది. ఆయన తొమ్మిది గుర్రాల ఇంట్లో ఆయన భోజనానికి గుర్రం బయటినుంచి, చుట్టం తెచ్చినట్టు వచ్చింది. ఆ సిగ్గు నాకింకా దిగలేదు.

తాలాయ్ ఇప్పటికీ స్టాండులో చెబుతున్నాడట, ఇంకో మూడేళ్ళు ఆగనిస్తే రెట్టింపయ్యేదని. ఆ మూడేళ్ళూ ఈ నెలతో అయిపోయాయి. బెక్తుర్‌ని బాలిక్చీ పంపించి కనుక్కోమన్నాను. కారు హాలు ముందే ఉందట, దుప్పి బొమ్మ ఎవరో ఊడబెరుక్కుపోయారట, ఎవరూ ధర అడగలేదట. మిగిలిన రెండు గుర్రాలు నా కంటి ముందే ఉన్నాయి. ఇప్పుడవి ఆరు. పిల్లలకి కూడా నెలవంక ముద్రే వేయించాను. సంవత్సరీకమయ్యాక ఆ గుర్రాల వెంటే నేనూ కూతురింటికి వచ్చేశాను. అల్లుడి ఇంట్లో తలదాచుకోవడం మావాళ్ళలో గొప్ప కాదు, కానీ పాలు పితికే చోట నేనుంటాను. ఇప్పుడు పితకడానికి వేళయింది, ఆపుతాను.

బుర్మాకాన్, అసనాలీ భార్య. అరవై ఆరేళ్ళు. ఇప్పుడుండేది కోచ్కోర్‌లో, కూతురి దగ్గర.