సాలేహా నాని ఊదిన సైకిల్

లాల్‌గడి మలక్‌పేట్‌లో పొద్దున పాలబండి వెళ్లిపోయాక సాలేహా నాని తన అరుగు మీద వచ్చి కూర్చునేది. అప్పటికే జనం ఉండేవారు. రాత్రంతా ఏడ్చిన పసిపిల్లను ఎత్తుకుని ఒక తల్లి, గాలి నిలవని ట్రాక్టర్ ట్యూబును భుజాన వేసుకుని ఒక రైతు, మెత్తబడిపోయిన ఫుట్‌బాల్‌తో బడి డ్రిల్లు సారు. నాని ముందు పసిపిల్లను ఒళ్లోకి తీసుకునేది. దువా చదివి, ఒక మాట పెదాల మీదే అనుకుని, నుదుటి మీద ఊదేది. తర్వాత ట్యూబు, ఆ తర్వాత బంతి.

మనిషికైనా రబ్బరుకైనా ఆమె పద్ధతి ఒకటే. "ఏమని ఊదాలె?" అని అడిగేది. ఏ మాట అనుకుని ఊదితే అది ఆ మాట మీదే నిలబడేది. ఊదిన గాలి ఆమె వదిలితే తప్ప మళ్లీ బయటికి పోయేది కాదు. "ఆడుకోండ్రి" అని ఊదిన బంతి ఒక్కసారి కూడా బడి గోడ దాటి పక్క చేనులో పడలేదు. ఊళ్లో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. ఒకరికి హస్తవాసి ఉంటుంది, ఒకరికి గొంతు ఉంటుంది, నానికి ఊపిరి ఉంది. అంతే.

శుక్రవారం మాత్రం అరుగు ఖాళీ. ఆ రోజు నాని బోడగుట్ట మీది బండ్ల బాట పట్టి అవతలి వైపు ఖబ్రస్తాన్‌కు నడిచేది. ఆమె భర్త షుకూర్ అక్కడ మట్టిలో ఉన్నాడు. ఎవరి బర్రె ఈనింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, అన్నీ ఆయనకు చెప్పి మధ్యాహ్నానికి తిరిగొచ్చేది.

ఆ బాటకే వెంచర్ వాళ్లు గోడ కట్టారు. గుట్ట చుట్టూ చెలకలు కొన్నారు, ప్లాట్లు కోశారు, బండ మీద మొరం పోయించి రాళ్లు దొర్లించారు. ఆపైన, ఇక్కడ బాట ఎప్పుడుంది అని అడిగారు. గోడలో ఒక్క మనిషి పట్టే సందు మిగిలింది. ఆ సందులో కుర్చీ వేసుకుని పరమేశ్ కూర్చునేవాడు. ఊరివాడే. వాళ్ల నాయిన చెలక కూడా ఆ ప్లాట్లలోనే కలిసిపోయింది, అతనికేమో సూపర్‌వైజర్ నౌకరి దొరికింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెప్పేవాడు: "ఇటు పోవద్దు."

నాని మనవరాలు నజ్‌నీన్ సిటీలో లా చదువుతోంది. పొద్దున చాయ్‌తో పాటే ఆమెకు కోపం వచ్చేది. పేపర్ చదివితే అది ఇంకా చిక్కబడేది. గోడ లేచిన వారంలోనే దాని మీద ఎర్ర రంగుతో రాసింది: దారి ప్రజలది, దోపిడీ గోడలు కూలక తప్పదు. తెల్లారేసరికి పరమేశ్ దాని మీద సున్నం కొట్టించాడు. ఆమె మళ్లీ రాసింది.

"అక్షరాలు మస్తు గుండ్రంగున్నయి నజ్‌నీన్," అన్నాడు పరమేశ్. "మా ప్లాట్ల నంబర్లు గూడ రాసియ్యరాదు."

"నీ సున్నం అయిపోతది గని నా రంగు అయిపోదు."

"సున్నం సేటుది. ఎట్లయిపోతది?"

గోడ మీద రాసి ఆమె ఊరుకోలేదు. తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టింది. నక్షాలో బండ్ల బాట ఉంది, నిజమే అన్నారు అక్కడ. కానీ నేల మీద చక్రం నడిచే జాగా లేదని వెంచర్ వాళ్లు రాసిచ్చారు. సర్వేయర్ వచ్చి చూస్తాడు. చక్రం నడవదని తేలితే ఆ సందు కూడా మూసేస్తారు. ఇక నాని ఖబ్రస్తాన్‌కు పోవాలంటే హైవే ఎక్కి ఊళ్లు చుట్టి రావాలి. ఆమె మోకాళ్లు అంత దూరం రావు.

ఊళ్లో ఎడ్లబండి అనేదే లేదు. ట్రాక్టరుకు ఆ రాళ్లు దాటడం చేతకాదు. మోటార్ సైకిల్‌కు ఆ సందే చాలదు.

"చక్రమే కదా కావాల్సింది," అంది నజ్‌నీన్. "నేను తెస్త."

సిటీలో సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక పాత సైకిళ్ల దుకాణం ముందు సైకిల్ ఒకటి దొరికింది. ముందొక షాకబ్జర్, వెనకొక షాకబ్జర్ ఉండే రకం. చవక సరుకు. చూడటానికి పులిలా ఉంటుంది, తొక్కితే ఊగే కుర్చీ. పెడల్ మీద వేసిన బలమంతా వెనక స్ప్రింగ్ మింగేస్తుంది. ఆమె ఎక్కడానికి కూడా ప్రయత్నించకుండా దాన్ని బస్సు వెనక కట్టించుకుని అత్వెల్లిలో శామ్యూల్ వెల్డింగ్ షాపుకు తెచ్చింది. శామ్యూల్ పగలు ఇనుప గేట్లు చేసేవాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు.

"ఇది పిల్లల పుట్టినరోజుకు కొనే బండి చెల్లె," అన్నాడు ఫ్రేమ్‌ను అటూ ఇటూ ఊపి చూసి. "గుట్ట ఎక్కిస్తనంటవ్. గుట్ట నవ్వుతది."

"చవక సరుకు చేతిల పెట్టి మా బతుకులు గింతే అనుకోమన్నరు అన్నా. అదే సరుకుతోని వాళ్లకు జవాబు చెప్పాలె."

"జవాబు తర్వాత. ముందుగాల గీ బుష్‌లు తీద్దాం. ప్లాస్టిక్‌వి."

వెనక చక్రం పైకీ కిందికీ ఆడే కీలు దగ్గర ఆ ప్లాస్టిక్ బుష్‌లు అరిగి ఫ్రేమంతా పక్కలకు తూగుతోంది. శామ్యూల్ లేత్ మీద ఇత్తడివి తిప్పి బిగించాడు. తూగడం ఆగింది. ముందు ఫోర్క్ పొట్టిది. దిగుడులో మనిషిని హ్యాండిల్ మీదుగా విసిరేస్తుంది. షామీర్‌పేట్ చెరువు వైపు ఆదివారాలు తొక్కడానికి వచ్చే సిటీ వాళ్ల దగ్గర ఒక పొడుగు ఫోర్క్ పాతది దొరికింది. దాంతో ముందు చక్రం ఇంకొంచెం ముందుకు జరిగింది. వెడల్పాటి హ్యాండిల్ వేశారు. ముందు పళ్లచక్రాలు మూడుంటే రెండు తీసి పారేసి ఒకటే ఉంచారు, వెనక మాత్రం పళ్లెమంత పెద్దది పెట్టారు. డిస్క్ బ్రేకులు, గరుకు పట్టుండే లావు టైర్లు. ఫ్రేమ్‌కు కొత్త రంగు వెయ్యలేదు. అతుకులు కనపడాలని నజ్‌నీన్ పట్టుబట్టింది.

మిగిలింది వెనక షాకబ్జర్. స్ప్రింగ్ తీసేసి గాలితో నడిచేది పెట్టాలి. దొరికినదాని సీల్ పోయింది. పంపుతో ఎంత ఎక్కించినా చాయ్ తాగేలోపు దిగిపోయేది. కొత్త సీల్ ఎక్కడా లేదు. సర్వేయర్ వచ్చే రోజు దగ్గర పడింది.

"మీ నాని ఉండంగ పంపెందుకు?" అన్నాడు శామ్యూల్.

నజ్‌నీన్ మొహం ముడుచుకుంది. "పోరాటం ఒక్క మనిషి మీద ఆధారపడొద్దు అన్నా. రేపు నాని లేకపోతే?"

"నువ్వు కొట్లాడేదే ఆమె కోసం కదనె," అన్నాడు శామ్యూల్, స్పానర్ తుడుచుకుంటూ.

సైకిల్ అరుగు ముందుకు వచ్చింది. నాని పొయ్యి దగ్గరి ఊదుగొట్టం తెప్పించుకుని, ఒక కొసను షాకబ్జర్ వాల్వుకు ఆనించింది.

"ఏమని ఊదాలె బేటీ?"

ఇంకొకరైతే ఆలోచించేవారు. నజ్‌నీన్‌కు ఆ అలవాటు లేదు. నాలుక చివరన ఉన్నదే అంది: "వెనకడుగు లేదు."

నాని ఆమె వైపు ఒక్క చూపు చూసి ఊదింది. షాకబ్జర్ చెరకు గడలా బిగిసింది.

సైకిల్ వెళ్లింది. ఎంత బాగా వెళ్లిందంటే, నజ్‌నీన్ ఊరు దాటి, మామిడి తోట దాటి, చెరువు కట్ట దాకా పాట పాడుకుంటూ పోయింది. అక్కడ దిగి బండి ఇంటివైపు మలపబోతే అది మలగలేదు. వెనక్కి నెడితే కదలలేదు. ముట్టుకుంటే చాలు, ముందుకు బయలుదేరుతోంది. చివరికి శామ్యూల్ ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. సైకిల్‌ను పైకెక్కించాక ఆ ఆటోకు రివర్స్ గేరు పడలేదు. ఇద్దరూ చెరువు చుట్టూ తిరిగి, మెదక్ పోయే లారీల వెనక పడి, ఊళ్ల మీదుగా మలక్‌పేట్ చేరేసరికి పొద్దుగూకి మగ్రిబ్ అజా వినపడుతోంది.

"నీ నినాదం డీజిల్ మస్తు తాగుతది చెల్లె," అన్నాడు శామ్యూల్.

నాని అరుగు మీదే ఉంది. వాల్వు నొక్కింది. బుస్సున గాలి బయటికొచ్చింది. దాని ముందున్న కోడి గబగబా ముందుకు పోయి, గోడకు తగిలి, అక్కడే నిలబడిపోయింది.

"దాన్ని ఎవరన్న ఎత్తి ఇటు తిప్పుండ్రి," అంది నాని. మళ్లీ ఊదుగొట్టం అందుకుంది. ఈసారి ఏమని ఊదాలె అని అడగలేదు. ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా ఆమె గడప దగ్గర ఒకటే మాట అనేది. షుకూర్ ఎడ్ల సంతకు పోయినా, నజ్‌నీన్ కాలేజీకి పోయినా అదే. ఆ మాటే అనుకుని ఊదింది: "పోయి రా."

సర్వేయర్ కుర్మయ్య టేపు చుట్ట పట్టుకుని వచ్చాడు. ఊరు సగం గోడ దగ్గరే ఉంది. పరమేశ్ కుర్చీ ఎండలోంచి నీడలోకి జరిపి సార్‌కు వేశాడు.

నజ్‌నీన్ సైకిల్‌ను సందులోంచి దాటించి ఎక్కింది. రాళ్ల మీద ముందు చక్రం ఎక్కుతుంటే ఫోర్క్ మునిగింది, వెనక చక్రం ఎక్కుతుంటే నాని ఊపిరి మునిగి తేలింది. చిన్న రాయికి కొంచెం, పెద్ద రాయికి ఎక్కువ, ఎంత కావాలో అంతే. గుట్ట ఎక్కి, అవతలికి దిగి, మళ్లీ ఎక్కి వచ్చింది. కాలు కింద పెట్టలేదు. జనం ఈలలు వేశారు.

కుర్మయ్య చప్పట్లు కొట్టలేదు. "మంచిగ తొక్కినవ్ అమ్మా. సర్కస్‌ల తీగ మీద గూడ నడుస్తరు. తీగను బాట అని రాస్తనా? అలవాటు లేనోళ్లు ఎవరన్న పోయొస్తే సూద్దాం."

"నేను పోత సార్," అన్నాడు పరమేశ్ వెంటనే. నజ్‌నీన్ పక్కనుంచి పోతూ నవ్వి, ఆమెకే వినపడేట్టు అన్నాడు. "రెండో రాయి తాన పడ్త. సూస్కో. నీ బండికి దెబ్బ తగిల్తె నన్ననకు."

అతను పడితే అయిపోయింది. చక్రం నడవదని రాసేస్తారు. "ఇయ్యను" అందామని నోరు తెరిచింది. అరుగు నుంచి నడిచొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డ నాని మాత్రం "ఇయ్యి బేటీ" అంది.

పరమేశ్ రెండో రాయి దగ్గర హ్యాండిల్ వదిలేసి పక్కకు ఒరిగాడు. పడలేదు. ఎవరో చంకలో చెయ్యేసి లేపినట్టు సైకిల్ అతని కిందికొచ్చి నిలబెట్టింది. ఇంకోసారి ఒరిగాడు. ఇంకోసారి నిలబెట్టింది. అక్కడి నుంచి అతను ప్రయత్నించడం మానేశాడు. గుట్ట తల మీద ఒక్క క్షణం కనపడి అవతలికి దిగిపోయాడు.

కుర్మయ్య నీళ్లు తాగాడు. చాలాసేపటికి పరమేశ్ మళ్లీ తేలాడు. నజ్‌నీన్ తొక్కిన చోట కాదు, ఎడమ వైపు, మొరం కుప్పలు పోసిన చోట. టైరు మొరంలో దిగబడాల్సింది పోయి, ఏదో కాలువలో పడ్డట్టు నిటారుగా వస్తోంది. షాకబ్జర్ ఒక్కో ఊపు ఊగినప్పుడల్లా మొరం పెళ్లలు పెళ్లలుగా జారిపోతోంది.

కుర్మయ్య లేచాడు. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మొరం తోశాడు. నల్లబండలో జానెడు లోతు గాడి, పళ్లెం అడుగంత నున్నగా ఉంది. కొంచెం ఎడంగా తోశాడు. దాని జోడు గాడి. టేపు తీసి రెంటి మధ్య కొలిచాడు.

"ఎడ్లబండి కొలత," అన్నాడు నెమ్మదిగా. "చక్రాల ఇనుప పట్టాలు ఎన్ని తరాలు తిరిగితె గింత అరగాలె."

పరమేశ్ సైకిల్ దిగి బండ మీద కూర్చున్నాడు. "సైకిల్ మా చెలక గట్టు దాక పోయింది. ఆడనే కాసేపు నిలబడ్డది. తర్వాత తనే మర్లింది, నేను మలపలే." గాడి మీద అరచెయ్యి పెట్టాడు. "రాసుకోండ్రి సార్. గిది మా నాయిన బండి పోయిన బాట. నొగల మీద కూసొని నేను గూడ పోయెటోన్ని."

"సాక్షి అని నీ పేరు రాయాలె. నౌకరి పోతది మల్ల."

"రాయుండ్రి."

నౌకరి సాయంత్రానికే పోయింది. గోడ పడటానికి ఇంకొన్నాళ్లు పట్టింది, అదీ బండి పట్టేటంత మేరకే. మిగతా గోడ అట్లాగే ఉంది. దాని మీద నజ్‌నీన్ ఎర్ర అక్షరాలు కూడా ఉన్నాయి, ఇప్పుడు సున్నం కొట్టేవాడు లేడు. పరమేశ్ అత్వెల్లిలో శామ్యూల్ దగ్గర చేరి చవక ఫ్రేములకు ఇత్తడి బుష్‌లు తిప్పడం నేర్చుకుంటున్నాడు. శుక్రవారం పొద్దున మాత్రం షాపుకు ఆలస్యంగా వస్తాడు. గుట్ట మీద రాళ్లు ఇంకా ఉన్నాయి, ఒక్కొక్కటే పక్కకు దొర్లిస్తుంటాడు.

గోడ తెగాక వచ్చిన మొదటి శుక్రవారం నజ్‌నీన్ సైకిల్ తెచ్చింది. గుట్టలెక్కే బండికి ఎవరూ పెట్టని సీటొకటి శామ్యూల్ తిట్టుకుంటూనే వెనక వెల్డింగ్ చేసి ఇచ్చాడు. నాని దాని మీద పక్కకు కూర్చుని, దుప్పట్టా సవరించుకుని, మనవరాలి నడుం పట్టుకుంది.

"ఇగ పో," అంది.

"పోయి రా అనాలె కదా నానీ."

"నేను గూడ ఎంబడి వస్తున్న కదనె. ఎవరికని చెప్పుకోవాలె?"

గోడ తెగిన చోట పరమేశ్ చేతిలోని రాయి కింద పెట్టి పక్కకు జరిగాడు. సైకిల్ గాడిలోకి దిగింది. వెనక షాకబ్జర్ ఒకసారి మునిగి, నాని బరువును మెత్తగా పైకి ఎత్తుకుంది.

"పోయి రాండ్రి," అన్నాడు పరమేశ్.