సెన్సార్‌కు పెట్టిన కుంకుమ బొట్టు

మానుకోట బజారులో కిరాణా దుకాణం నడిపే లక్ష్మీనర్సయ్యకు లోకంలో రెండే దారులు తెలుసు. ఒకటి దుకాణానికి పోయే దారి, రెండోది ఎక్కడికి పోయినా మళ్లీ దుకాణానికే వచ్చే దారి. ఆయన భార్య రమాదేవికి మాత్రం మూడో దారి ఒకటి ఉంది. అది గూడూరు, నర్సంపేట, భూపాలపల్లి దాటి మహదేవపూర్ దాకా పోతుంది. అక్కడ ఆమె అక్క కమలాదేవి ఉంటుంది.

పెళ్లయిన నాటి నుంచి రమాదేవి ఆ అక్క ఇంట్లో ఒక్క రాత్రి నిద్ర చేసిన పాపాన పోలేదు. వెళ్లినప్పుడల్లా భర్తే వెంట వచ్చేవాడు. చాయ్ తాగుతూ గడియారం చూసేవాడు. తిన్న చెయ్యి ఆరకముందే దుకాణం గుర్తు చేసేవాడు. అక్కాచెల్లెళ్ల ముచ్చట ఎప్పుడూ గడప దగ్గరే సగంలో తెగిపోయేది. పోనీ బస్సులో వెళ్తానంటే, ఆడమనిషి ఒక్కతే అన్ని బస్సులు ఎట్లా మారుతుందని మళ్లీ తానే బయలుదేరేవాడు. ఇక ఇలా కాదని రమాదేవి యాభై దాటాక కారు నేర్చుకుంది. బజారంతా నవ్వింది. నవ్విన వాళ్లందరినీ ఆమె గుర్తు పెట్టుకుని, ఎదురైనప్పుడల్లా హారన్ కాస్త గట్టిగా కొట్టేది.

ఆదివారం తానే కారు నడుపుకుంటూ ఒంటరిగా వెళ్లి, రెండు రాత్రులు ఉండి వస్తానని అక్కకు మాట ఇచ్చింది. సరిగ్గా అప్పుడే కారుకు రోగం వచ్చింది. స్టీరింగ్ ముందర ఇంజిన్ బొమ్మ లైటు వెలిగి ఆరనంది. బండి ఎక్కిళ్లు పెట్టుకుంటూ నడిచింది. మెకానిక్ లక్ష్మణ్ చూసి, పొగ గొట్టానికి ఉండే సెన్సార్ పోయిందనీ, అది తుప్పు పట్టి బిగుసుకుందనీ తేల్చాడు. కొత్తది తెచ్చి చేతిలో పెట్టి, మార్చే పని సోమవారం చూద్దామని అత్తగారింటికి చెక్కేశాడు.

"పరేషాన్ గాకు. నేనే దుకాణం బండిల తీస్కపోయి పొద్దుగూకేసరికి తీస్కొస్త," అన్నాడు లక్ష్మీనర్సయ్య. ఆ గొంతులో విచారం కన్నా హాయి ఎక్కువగా వినిపించి రమాదేవికి ఒళ్లు మండింది.

హైదరాబాద్‌లో ఉన్న కూతురు ప్రసూన ఫోనుకు ఒక వీడియో పంపింది. ఇంజిన్ కాసేపు నడిపి ఆపాలి. గొట్టం వెచ్చగా ఉండగానే సెన్సార్ మొదట్లో నూనె పోసి, పానాతో ఎడమకు తిప్పాలి. చూడబోతే పచ్చడి సీసా మూత తీసినంత పని. పానా కొనుక్కొస్తానని రమాదేవి చెప్పులు తొడుక్కుంది. అప్పుడు లక్ష్మీనర్సయ్య బ్రహ్మాస్త్రం తీశాడు. ఆ రోజు శనివారం. శనివారం ఇనుమూ నూనే కొని ఇంటికి తేకూడదని వాళ్ల తాతల నాటి పట్టింపు. ఊరందరికీ శనివారం నూనె అమ్మే మనిషికి, తాను కొనాల్సి వచ్చేసరికి శనిదేవుడు గుర్తొచ్చాడు.

రమాదేవి చెప్పులు విడిచింది గానీ పంతం విడవలేదు. నూనె కొనే పనే లేదు, ఇంట్లో ఆముదం ఉంది. పానా కోసం దుకాణం ఖాతాదారు మాన్‌సింగ్‌ను అడిగింది. అతను తండా నుంచి ట్రాక్టర్ మీద సామానుకు వచ్చాడు. సావుకార్ల పట్టింపులు తెలిసినవాడు కాబట్టి, పానాను చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి పోయాడు.

"శనివారం నాడు ఇనుము ఇంట్లకు తెస్తున్నవా?" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"కొన్లేదు, అడుక్కున్న. ఇంట్లకు గూడ తెస్తలేను, కారు కాడికి తీస్కపోతున్న," అంది రమాదేవి.

కొత్త పని మొదలుపెట్టేటప్పుడు బొట్టు పెట్టకపోతే ఆమెకు చెయ్యి ఆడదు. బానెట్ ఎత్తి, సెన్సార్ నెత్తిన, గడియారంలో పన్నెండు అంకె ఉండేచోట, కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టుకుంది. తర్వాత ఇంజిన్ నడిపింది. ఆ వేడికి బొట్టు ఎండి అతుక్కుపోయింది. ఇంజిన్ ఆపి, సెన్సార్ వైరు ఊడదీసి, గొట్టం మీద ఆముదం పోసేసరికి గుప్పున పొగ లేచింది. ఆ వాసన వీధంతా పాకింది. ఆముదం వాసనకు పురిటిల్లే గుర్తొచ్చి ఎదురింటి సారమ్మ పరుగున వచ్చి ఎవరికి కాన్పు అని అడిగింది. కారుకు అని చెప్పి పంపించింది రమాదేవి.

నవ్వు అంతటితో సరి. పానా వేసి లాగితే సెన్సార్ కదల్లేదు. బంపర్‌కు కాలు తన్నిపెట్టి లాగినా ఉలకలేదు, పలకలేదు. గాజులు గలగలలాడాయి, అరచెయ్యి బొబ్బ లేచింది. ఎదురుచూసే అక్క ముఖం కళ్ల ముందు మెదిలి ఆమెకు ఏడుపొచ్చింది.

అంతసేపూ గుమ్మంలో నిలబడి చూస్తున్న లక్ష్మీనర్సయ్య అప్పుడు ముందుకొచ్చాడు. జర జరుగు, నేను చూస్తానన్నాడు. ఎన్నడూ లేని ఈ సాయానికి రమాదేవి మనసు కరిగింది. మంచినీళ్లు తాగడానికి లోపలికి పోయి వచ్చేసరికి, ఆయన మెడ మీది చెమట తుడుచుకుంటున్నాడు. ఇది ఈ జన్మలో రాదని తేల్చేశాడు.

రమాదేవి వంగి చూసింది. నడినెత్తిన ఉండాల్సిన బొట్టు కొంచెం పక్కకు జరిగింది. జరిగింది ఎడమకు కాదు, కుడికి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి డబ్బా మూతలు తీస్తూ పెడుతూ బతికిన మనిషికి, ఎటు తిప్పితే ఊడుతుందో ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియదంటే ఎవరు నమ్ముతారు?

"మీరు బిగించిన్రు," అంది.

దొంగకు తేలు కుట్టినట్టు ముఖం పెట్టి ఆయన పానా కింద పెట్టాడు. తిట్టడానికి నోరు తెరిచిన రమాదేవి సగంలో ఆగిపోయింది. కుడికైతేనేం, అది కదిలింది. కదిలిందంటే తుప్పు పట్టు విడిచినట్టే. వెంటనే పానా వేసి ఎడమకు లాగింది. సెన్సార్ కిర్రుమని మూలిగి, ఒక చుట్టు తిరిగి, ఆ తర్వాత చెప్పిన మాట విన్నది. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటే ఇదే. ఆ గంధర్వుడు లుంగీ కట్టుకుని తెల్లమొహం వేసుకుని పక్కనే నిలబడ్డాడు.

కొత్త సెన్సార్ బిగించి వైరు తగిలించాక, ఎందుకిలా చేశారని నెమ్మదిగా అడిగింది. ఆయన చాలాసేపు పానా తుడిచాడు.

"పొద్దంత దుకాణంల నలుగురు ఉంటరు. రాత్రి ఇంటికొస్తే నువ్వు లేకుంటే నాకు భయమైతది. నువ్వు ఒక్కపారి ఉండుడు నేర్చుకుంటే ఇగ ఆన్నే ఉంటవని," అన్నాడు.

రమాదేవికి కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి. ఇంతకాలం దుకాణం దుకాణం అన్నది ఇందుకా అనుకుంది.

"నేను అక్క దగ్గరికి పోతున్న. మిమ్ముల్ని ఇడిచి పోతలేను," అంది. ప్రయాణం మాత్రం మానుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఒంటరిగా మహదేవపూర్ చేరింది. అక్క కన్నీళ్లు పెట్టుకుంది, తిట్టింది, కొసరి కొసరి తినిపించింది. సాయంత్రం రమాదేవి చాప మీద నడుం వాల్చి కళ్లు మూసుకుందో లేదో, కమలాదేవి ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ పెట్టింది. లక్ష్మీనర్సయ్య. చెల్లెలు బయలుదేరిందా అని అడుగుతున్నాడు.

"పండుకున్నది మరిదీ. లేపాల్నా?" అంది కమలాదేవి.

అవతల దుకాణంలో ఎవరో కందిపప్పు అడుగుతున్నారు. ఆయన వాళ్లకు జవాబు చెప్పడం లేదు. రమాదేవి కళ్లు తెరవకుండా వింటోంది.

"లేపకు వదినె," అన్నాడు చివరికి. "ఎన్నొద్దులు ఉంటనంటే అన్నొద్దులు ఉండనియ్యి. నేను తాళం ఏసుకొని పండుకుంట."

అప్పుడు రమాదేవికి నిజంగానే నిద్ర పట్టింది.