ఆపిల్ కల్లు మర

నేను ఒక మరను. పండ్ల రసం పిండడం నా పని. నా నడుమనున్న ఇనప మరకడ్డీ ఒకప్పుడు లారీ జాకీలో ఉండేది. నర్సీపట్నంలో ఒక కమ్మరి దాన్ని పాత సామాన్ల కుప్పలోంచి ఏరి, మద్దికర్ర చట్రంలో బిగించి, కింద ఒక చెక్క తొట్టి అమర్చాడు. లారీలను ఎత్తిన దాన్ని, ఆపిల్ పళ్లను నొక్కడానికి తయారయ్యాను.

నన్ను చేయించింది గెమ్మెలి మత్స్యలింగం, అతని తమ్ముడు బొంజుబాబు. చింతపల్లికి ఎగువన, రోడ్డు లేని కొండమీద వాళ్ల తోట. అక్కడి చలికి కాస్తాయేమో చూడండని తోటల శాఖవాళ్లు ఇచ్చిన ఆపిల్ మొక్కలను అన్నదమ్ములిద్దరూ వాగునుంచి కావిళ్లతో నీళ్లు మోసి బతికించారు. కాయలు కాశాయి గానీ చిన్నవి, పులుపు. సంతలో వాటిని చూసి కొనేవాళ్లు నవ్విపోయారు. పులుపని ఉమ్మేసిన మనుషులే అదే రసం పులిస్తే దొప్పలు పట్టుకుని వస్తారని బొంజుబాబు భార్య చిలకమ్మకు తెలుసు. జీలుగు చెట్లనుంచి కల్లు తీసే ఇంట్లో పుట్టిన మనిషి. పళ్లు దంచి, నాతో పిండించి, రసం కుండల్లో పోసి మూతికి గుడ్డ కట్టింది. వానలు ముదిరేసరికి అది నురగ తేలి, తేటపడి, చురుక్కుమనే పానీయమైంది. దూరదేశాల్లో దీన్ని సైడర్ అంటారని తోటల శాఖ ఆఫీసరు చెప్పాడు. ఊరు మాత్రం ఆపిల్ కల్లు అంది.

నా తలలో ఒక పొడవాటి తిప్పుకర్ర ఉండేది. దానికి అటు అన్న, ఇటు తమ్ముడు. ఒకడు ముందుకు నడిస్తే రెండోవాడు అతని వెనకే తిరుగుతూ ఉండేవాడు. భార్య పోయాక మత్స్యలింగం నవ్వడం నేను చూసింది ఆ పనిలోనే.

ఏటేటా చలి తగ్గింది. పూత పలచబడింది. ఒకరోజు నా పక్కనే కూచుని బొంజుబాబు అన్నాడు.

"ఎన్నాళ్లని మోత్తాం అన్నా ఈ సెట్లకి నీళ్లు? సలే లేదు. కాఫీ ఏద్దాం. మిరియాలు పాకిద్దాం."

"పిల్లల్లా పెంచినాం కదరా."

"పెంచినాం. సచ్చిపోతన్నాయి కదా, సూడు."

ఆ మాట నిజమే. నిజం కాబట్టే మత్స్యలింగానికి ఒళ్లు మండింది.

"నీ సగం నువ్వు నరుక్కో. నా మర మీద సెయ్యెయ్యకు."

బొంజుబాబు చేతిలోని పండును తొట్టి అంచున పెట్టి లేచి వెళ్లాడు. తోట మధ్యలో ముళ్లకంచె లేచింది. అవతల సగంలో వెండిమాకులు, అంటే సిల్వర్ ఓక్ చెట్లు, ఎదిగాయి, వాటిమీదికి మిరియాల తీగలు పాకాయి. ఇవతల మత్స్యలింగం ఒక్కడే నన్ను తిప్పబోయేవాడు. ఒకే పక్కనుంచి లాగితే నేను ఒరిగిపోయేదాన్ని. సగం రసం పిప్పిలోనే మిగిలేది. అయినా కంచె అవతలికి కేకవేయలేదు. మనుషులకు మెడ వంచడం కన్నా నడుం విరగ్గొట్టుకోవడమే తేలిక కాబోలు.

మిరియాలు కోసే రోజుల్లో ఒక పొద్దున చిలకమ్మ అరుపు వినబడింది. బొంజుబాబు నిచ్చెన జారి వెండిమాకు మీదినుంచి పడ్డాడు. మత్స్యలింగం కంచె తొక్కుకుంటూ పోయాడు. మళ్లీ వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. కాళ్లనిండా నెత్తురు. మనిషిని కొండ దించడానికి డోలీ కట్టాలి, దానికి గట్టి కర్ర కావాలి. నా తలలోంచి తిప్పుకర్రను ఊడబెరికి తీసుకుపోయాడు.

కొండ దిగువనున్న రోడ్డువైపు ఒక కొసను ఊరివాళ్లు మారుతూ మోశారట. రెండో కొసను మాత్రం మత్స్యలింగం ఎవరి భుజానికీ ఇవ్వలేదట. దారిలో బొంజుబాబు ఒక్కసారి కళ్లు తెరిచి, "ఎవురు మోత్తన్నారు?" అని అడిగాడట.

"నేన్రా."

"మెల్లగా నడు అన్నా. నువ్వు అలిసిపోతావు."

రోడ్డు కనబడకముందే ప్రాణం పోయింది. శవాన్ని మోసిన కర్రను ఇంటికి తేకూడదని దాన్ని అతన్ని పూడ్చినచోటే వదిలేశారు.

ఆ ఎండాకాలం, ఎందుకో, ఉన్న చెట్లన్నీ విరగకాశాయి. మత్స్యలింగం కోయలేదు. పళ్లు రాలి, కందిరీగలు ముసిరాయి. ఒక సాయంత్రం చిలకమ్మ కంచె దాటి గంపతో వచ్చింది. రాలిన పళ్లు ఏరి, కడిగి, దంచింది. గునపం తెచ్చి నా తలలో దూర్చి ఒక కొస పట్టుకుని నిలబడింది. చాలాసేపటికి మత్స్యలింగం లేచి రెండో కొస పట్టుకున్నాడు.

రసం పడుతుంటే ఆమె అంది. "ఏటా ఈ రోజుల్లో మీ తమ్ముడు కంచెకాడే నిలబడీవోడు బావా. నువ్వొక్కడివే తిప్పతన్నావని సూసీవోడు."

"మరి రాలేదేం?"

"నువ్వు పిలుత్తావని."

మత్స్యలింగం చేతులు ఆగిపోయాయి. "ఆడొత్తాడని నేను సూసినానమ్మా," అన్నాడు. తొట్టిలోని పిప్పిని దోసిళ్లతో ఎత్తుకుని ఆవుకు పెట్టడానికని వెళ్లాడు. చీకటిపడేదాకా తిరిగి రాలేదు.

ఆ కల్లును, కొత్త పంట మొదటిసారి తినే కొత్తల పండగనాడు ఊరంతా తాగింది. అతను ముట్టలేదు.

ఇప్పుడు ఆపిల్ చెట్లు లేవు. చివరిదాన్ని మత్స్యలింగమే నరికాడు. అక్కడ కాఫీ నాటాడు. నన్ను చూరు కింద పెట్టారు. నా చట్రంమీద కోళ్లు పడుకుంటాయి. నా మరకడ్డీ తుప్పుతో బిగుసుకుపోయింది.

కంచె కూలి, దాని ముళ్లు కూడా మట్టిలో కలిసిపోయాయి. రోజూ పొయ్యి ఆర్పాక మత్స్యలింగం గుమ్మంలోకి వచ్చి, చిలకమ్మ ఇంటివైపు తిరిగి కేకవేస్తాడు.

"అమ్మా, అన్నం తిన్నావా?"

"తిన్నాను బావా" అని అటునుంచి వినబడేదాకా లోపలికి వెళ్లడు.